ఇంటికి తగిన పొయ్యి

ఉద్దేశం

విజ్ఞానశాస్త్ర సూత్రాలు ప్రయోగశాలకే పరిమితం కావనీ, వంటింట్లో సైతం అవి అనుక్షణం పనిచేస్తుంటాయనీ విద్యార్థులు గ్రహించాలి. ఒక వస్తువును ఎన్నుకొనేటప్పుడు దాని ధరనూ మెరుపునూ కాక, దానిని వాడే మనిషి ఆరోగ్యాన్నీ, శ్రమనూ, భద్రతనూ ముందుగా ఆలోచించే వివేకం వారికి అలవడాలి. ఇదే ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగ పరిచయం

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందింది. ఒక విషయాన్ని కారణాలతో, ఉదాహరణలతో, క్రమపద్ధతిలో వివరించే రచనను వ్యాసం అంటారు. కట్టెల పొయ్యి మొదలుకొని ఇండక్షన్ పొయ్యి వరకు తెలుగువారి వంటింట్లోకి వచ్చిన పొయ్యిల పనితీరునూ, మంచిచెడ్డలనూ ఈ వ్యాసం తెలుపుతుంది. ఏ ఇంటికి ఏ పొయ్యి తగినదో నిర్ణయించుకొనే మార్గాన్ని సూచిస్తుంది.

పాఠ్యభాగం

“ఇంకా పొయ్యిలో పిల్లి లేవలేదు” అనేది తెలుగు పల్లెల్లో ఒకప్పుడు తరచుగా వినిపించిన మాట. రాత్రి వంట ముగిసిన తరవాత కూడా పొయ్యిలోని బూడిద వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం కోసం పిల్లి వచ్చి అందులో పడుకుంటుంది. మరునాడు నిప్పు రాజేయడానికి ఇల్లాలు వచ్చినప్పుడే అది లేచిపోతుంది. పిల్లి లేవలేదంటే ఆ ఇంట ఇంకా వంట మొదలు కాలేదని అర్థం. వండుకోవడానికి గింజలు లేవేమోనన్న ధ్వని కూడా అందులో ఉంది. ఒక ఇంటి కలిమిలేములను పొయ్యిని చూసి చెప్పగలిగారంటే ఆ ఇంటి జీవనంలో పొయ్యికి ఎంతటి స్థానం ఉండేదో ఊహించవచ్చు.

అంతటి స్థానం ఉన్న వస్తువును ఎన్నుకొనే తీరు మాత్రం విచిత్రంగా ఉంటుంది. ఇల్లు కట్టుకొనేవారు తలుపులకు ఏ కలప వాడాలో, గోడలకు ఏ రంగు వేయాలో నెలల తరబడి ఆలోచిస్తారు. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి దుకాణానికి వెళ్లి, మెరిసేదానిని చూసి, ధర అడిగి తెచ్చుకుంటారు. దాని ముందు రోజుకు రెండు మూడు గంటలు నిలబడే మనిషిని అడిగేవారు తక్కువ. ఆ మనిషి పీల్చే గాలి, వాడే గిన్నెలు, ఎత్తవలసిన బరువు, వండవలసిన వంట — వీటిని బట్టి పొయ్యిని ఎన్నుకోవాలి. ఈ మాటలోని నిజం తెలియాలంటే ముందుగా పొయ్యిల కథను కొంత తెలుసుకోవాలి.

కట్టెల పొయ్యి – పొగ

మూడు రాళ్లు పేర్చి, నడుమ నిప్పు రాజేస్తే అదే మొదటి పొయ్యి. ఆ రాళ్ల చుట్టూ మట్టి మెత్తి, పేడతో అలికి, ముగ్గు పెట్టి దానిని ఇంటి పొయ్యిగా చేసుకున్నారు. పొలంలోని కంపా, పత్తికట్టే, కందికట్టే, కొబ్బరిమట్టా, పిడకా దానికి ఇంధనాలు. వీటిలో చాలావాటికి డబ్బు చెల్లించవలసిన అవసరం ఉండేది కాదు. మట్టికుండ, రాచ్చిప్ప, ఇత్తడి గుండిగ — ఏ పాత్రనైనా ఆ పొయ్యి కాదనేది కాదు. దాలిలో పిడకల నిప్పు మీద పూటంతా కాగిన పాల రుచిని పెద్దలు ఇప్పటికీ తలచుకుంటారు.

అయితే ఆ పొయ్యికి రెండు పెద్ద లోపాలు ఉన్నాయి. మొదటిది వృథా. సాధారణమైన మట్టిపొయ్యిలో కట్టె ఇచ్చే వేడిలో ఇంచుమించు పది నుంచి పదిహేను శాతమే గిన్నెకు చేరుతుంది. మిగిలినది గాలిలోకీ, పొయ్యి గోడల్లోకీ పోతుంది. పొయ్యికి అందించిన శక్తిలో ఎంత భాగం వంటకు ఉపయోగపడిందో తెలిపే కొలతను ఉష్ణదక్షత అంటారు. ఉష్ణదక్షత తక్కువైన కొద్దీ ఎక్కువ కట్టెలు కావాలి. ఆ కట్టెలను ఏరి, మోపు కట్టి, నెత్తిన మోసుకొని వచ్చే పని చాలా ఇళ్లలో స్త్రీలదీ, ఆడపిల్లలదీ అయింది. బడికి వెళ్లవలసిన వేళలు ఆ మోపుల కింద నలిగిపోయాయి.

రెండవ లోపం పొగ. కట్టెకు తగినంత గాలి అందనప్పుడు అది పూర్తిగా మండదు. ఈ అసంపూర్ణ దహనం వల్ల మసి కణాలూ, కార్బన్ మోనాక్సైడ్ వాయువూ వెలువడతాయి. వంటింటి గోడలను నల్లబరిచిన పొగే వండేవారి ఊపిరితిత్తుల్లోకి కూడా పోతుంది. ఊదుగొట్టంతో నిప్పు ఊదే ఇల్లాలి కన్నీళ్లను చూసి నవ్వుకున్నవారే తప్ప, ఆ కన్నీళ్ల వెనుక ఉన్న రోగాన్ని గుర్తించినవారు చాలాకాలం లేరు. ఇళ్లలోని వంట పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. పొయ్యి దగ్గర ఎక్కువసేపు గడిపే స్త్రీలకూ, వారి ఒడిలో ఉండే పసిపిల్లలకూ ఈ ముప్పు అధికం.

పొగలేని పొయ్యి నేర్పిన పాఠం

ఈ దుస్థితిని మాన్పడానికి ప్రయత్నించిన వారిలో హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలకు చెందిన ఎస్.పి. రాజు ఒకరు. పొగను గొట్టం ద్వారా ఇంటి బయటికి పంపే మట్టిపొయ్యిని ఆయన రూపొందించారు. ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ద మిలియన్స్’ అనే ఆయన పుస్తకం 1953లో వెలువడింది. కోట్లాది సామాన్యులకు పొగలేని వంటిళ్లు కావాలన్న ఆశయం ఆ పేరులోనే కనిపిస్తుంది. అంతకుముందే వార్ధాలోని మగన్‌వాడిలో మగన్ చూల్హా అనే పొయ్యి రూపుదిద్దుకుంది. 1983లో భారత ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమాన్ని చేపట్టి, దేశమంతటా అటువంటి పొయ్యిలను పంచిపెట్టింది.

వాటిలో ఎన్నో కొంతకాలానికే మూలపడ్డాయి. పొగగొట్టంలో మసి పేరుకుంటే తీసేవారు లేరు. పగిలిన పొయ్యిని బాగుచేసే పనివాడు ఊళ్లో దొరకలేదు. కొన్ని పొయ్యిల నోళ్లు ఆ ప్రాంతంలో వాడే గిన్నెల కొలతకు సరిపోలేదు. వండేవారికి ఒదగని పొయ్యి ఎంత గొప్ప ఆలోచన నుంచి పుట్టినా ఇంట్లో నిలవదని ఆ అనుభవం నేర్పింది. నేడు దుకాణంలో అద్దపు పలకతో మెరిసే పొయ్యికి కూడా ఈ నియమం వర్తిస్తుంది.

కిరసనాయిలు స్టవ్

కట్టెల పొయ్యికీ గ్యాస్ పొయ్యికీ నడుమ కొన్ని దశాబ్దాల పాటు పట్టణాల్లో కిరసనాయిలు స్టవ్ రాజ్యమేలింది. గాలి కొట్టి మండించే స్టవ్‌ను 1892లో స్వీడన్ దేశస్థుడైన ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ తయారుచేశాడు. పంపు కొట్టే స్టవ్ హోరుమని చప్పుడు చేస్తూ మండేది. వత్తుల స్టవ్ నెమ్మదిగా మండేది. కట్టెలతో పోలిస్తే ఇవి సుఖమే. కాని నూనె వాసన, మసి, స్టవ్ పేలే ప్రమాదం, చీరకు నిప్పంటుకొనే భయం వీటిని వెన్నంటి ఉండేవి. చౌకడిపో ముందు డబ్బాలతో బారులు తీరడం మరొక బాధ. అందుకే గ్యాస్ అందుబాటులోకి రాగానే జనం దీనిని వదులుకున్నారు.

గ్యాస్ పొయ్యి

‘ఇండేన్’ పేరుతో వంటగ్యాస్ సరఫరా 1965లో కలకత్తాలో మొదలైంది. మొదట్లో గ్యాస్ పొయ్యి సంపన్నుల ఇళ్లకే చెందిన వస్తువుగా ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో దీపం పథకాన్ని ప్రారంభించి, పేద కుటుంబాలకు చెందిన పొదుపు సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇప్పించింది. దేశవ్యాప్తంగా ఇటువంటి లక్ష్యంతో ప్రధానమంత్రి ఉజ్జ్వల యోజన 2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ప్రారంభమైంది. అయితే కనెక్షన్ రావడం వేరు, పొయ్యి రోజూ వెలగడం వేరు. ఖాళీ అయిన సిలిండర్‌ను మళ్లీ నింపుకొనే స్తోమత లేనినాడు ఇల్లాలు తిరిగి కట్టెల దగ్గరికే వెళుతుంది. కాబట్టి పొయ్యి ధరతో పాటు దానిని నిత్యం మండించే ఖర్చును కూడా లెక్కించుకోవాలి.

వంటగ్యాస్‌లో ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్ వాయువులు ఉంటాయి. వాటికి సహజంగా ఘాటైన వాసన ఉండదు. లీకైనప్పుడు గుర్తించడానికి వీలుగా ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే పదార్థాన్ని కలుపుతారు. ఈ వాయువు గాలికంటే బరువైనది. లీకైనప్పుడు పైకి పోకుండా నేల మీద పరచుకుంటుంది. అందువల్ల సిలిండర్‌ను గుంటలో గాని, గాలి చొరబడని అరలో గాని ఉంచరాదు. పొయ్యి ఎప్పుడూ సిలిండర్‌కంటే ఎత్తులో ఉండాలి. విజయవాడ, కాకినాడ, హైదరాబాదు వంటి నగరాల్లో కొన్ని ఇళ్లకు గొట్టాల ద్వారా వచ్చే సహజవాయువు ఇందుకు భిన్నమైనది. అందులో ప్రధానంగా ఉండే మీథేన్ గాలికంటే తేలికైనది కనుక పైకి లేస్తుంది. సిలిండర్‌తో వాడిన పొయ్యిని సహజవాయువుకు మార్చేటప్పుడు బర్నర్ కింద ఉండే జెట్‌ను కూడా మార్పించుకోవాలి. ఆ పని శిక్షణ పొందిన మెకానిక్ చేతనే చేయించాలి.

మంట రంగు పొయ్యి ఆరోగ్యాన్ని తెలుపుతుంది. నీలిమంట వస్తే గ్యాస్ చక్కగా మండుతున్నట్లు. మంట పసుపుపచ్చగా మారి, గిన్నె అడుగు నల్లబడుతుంటే బర్నర్ రంధ్రాలు మూసుకుపోవడం వల్లనో, గాలి చాలకపోవడం వల్లనో దహనం సరిగా జరగడం లేదన్నమాట. పొంగిన పాలూ, గంజీ బర్నర్ మీద ఎండిపోకముందే శుభ్రం చేసుకుంటే ఈ చిక్కు రాదు. నీలిమంట అయినా వంటింటికి కిటికీ గాని, గాలిని బయటికి పంపే పంకా గాని ఉండి తీరాలి. మంట మండుతున్నంతసేపూ గదిలోని ఆక్సిజన్ ఖర్చవుతుంది. నైట్రోజన్ డయాక్సైడ్ వంటి వాయువులు కూడా వెలువడతాయి.

గ్యాస్ పొయ్యిని కొనేటప్పుడు మొదట ఐ.ఎస్.ఐ. గుర్తు చూడాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం ఇంటి గ్యాస్ పొయ్యికి కనీసం 68 శాతం ఉష్ణదక్షత ఉండాలి. ఇత్తడి బర్నర్లు వేడికి తట్టుకొని చాలాకాలం మన్నుతాయి. స్టీలు పలక గల పొయ్యి గీతలు పడినా పనిచేస్తూనే ఉంటుంది. గట్టిపరచిన అద్దపు పలక తుడవడానికి సులువు. కాని బరువైన గుండిగ జారిపడితే పగలవచ్చు. నాలుగు బర్నర్లు ఉన్నంత మాత్రాన నాలుగింటి మీదా ఒకేసారి వండగలమని భావించరాదు. బర్నర్ల మధ్య ఎడం చాలకపోతే రెండు పెద్ద గిన్నెలు పక్కపక్కన పట్టవు. దుకాణానికి వెళ్లేటప్పుడు ఇంట్లోని పెద్ద కుక్కరు, పెద్ద బాణలి అడుగుల వెడల్పులు కొలిచి రాసుకొని వెళ్లడం మేలు.

వంటగట్టు రాతిని కోసి అందులో పొదిగే పొయ్యిని హాబ్ అంటారు. ఇది గట్టుకు దాదాపు సమంగా ఉండటం వల్ల పొయ్యి ఎత్తు తగ్గుతుంది, తుడవడం తేలిక అవుతుంది. కొన్ని హాబ్‌లలో మంట ఆరిపోతే గ్యాస్ తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. పాలు పొంగి మంట ఆరిన సంగతి గమనించలేని వృద్ధులున్న ఇంటికి ఇది గొప్ప రక్షణ. అయితే ఒకసారి రాయి కోసిన తరవాత ఆ కొలతకు సరిపడే పొయ్యినే మళ్లీ కొనవలసి ఉంటుంది. అద్దె ఇళ్లు మారేవారికి ఇది తగదు. మరమ్మతు వచ్చినప్పుడు గట్టు నుంచి ఊడదీయవలసి ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఎత్తు విషయాన్ని చాలామంది పట్టించుకోరు. గట్టు మీద పొయ్యి, పొయ్యి మీద గిన్నె ఉంచేసరికి పొట్టిగా ఉన్నవారికి గిన్నె అంచు ఛాతీ దాకా వస్తుంది. భుజాలు ఎత్తి గరిటె తిప్పవలసి వస్తుంది. కొన్నేళ్లకు మెడా, భుజాలూ నొప్పి పెడతాయి. మోచేయి పైకి ఎత్తకుండా గిన్నెలో గరిటె తిప్పగలిగితే ఆ ఎత్తు సరైనది. గట్టు కట్టే తాపీమేస్త్రీకి కొలత చెప్పవలసింది ఆ గట్టు ముందు నిలబడి వండే మనిషే.

విద్యుత్ పొయ్యిలు

విద్యుత్తుతో పనిచేసే పొయ్యిలు ప్రధానంగా మూడు విధాలు. మొదటిది తీగచుట్ట పొయ్యి. నికెల్, క్రోమియం కలిసిన నిక్రోమ్ తీగ గుండా విద్యుత్తు ప్రవహించినప్పుడు తీగ ఎర్రగా కాలుతుంది. తీగ బయటికి కనిపించే పాత పొయ్యిలో లోహపు గరిటె తగిలితే విద్యుదాఘాతం కలిగే ప్రమాదం ఉంది. రెండవది ఇన్‌ఫ్రారెడ్ పొయ్యి. ఇందులో కాలే భాగం అద్దపు పలక కింద ఉండి, వికిరణం ద్వారా గిన్నెను వేడిచేస్తుంది. అడుగు చదునుగా ఉన్న ఏ లోహపు గిన్నెనైనా దీని మీద వాడుకోవచ్చు. పొయ్యి ఆపిన తరవాత కూడా పలక చాలాసేపు వేడిగా ఉంటుంది.

మూడవది ఇండక్షన్ పొయ్యి. 1831లో మైఖేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రం దీనికి ఆధారం. పలక కింద ఉన్న రాగితీగ చుట్టలో విద్యుత్ ప్రవాహం సెకనుకు ఇరవై వేల సార్లకు పైగా దిశ మార్చుకుంటుంది. దానితో పాటు మారే అయస్కాంత క్షేత్రం గిన్నె అడుగులో సుడులు తిరిగే విద్యుత్ ప్రవాహాలను పుట్టిస్తుంది. ఆ ప్రవాహాల వల్ల గిన్నె అడుగే వేడెక్కుతుంది. ఇక్కడ వేడి పుట్టేది గిన్నెలోనే గనుక వృథా తక్కువ. దీని ఉష్ణదక్షత సుమారు 85 శాతం. మంట లేదు. వంటగది అంతగా వేడెక్కదు. గిన్నె దించగానే వేడి పుట్టడం ఆగిపోతుంది. అయితే గిన్నె వేడి తగిలి పలక కూడా కాలుతుంది కనుక వెంటనే చేయి పెట్టరాదు.

ఈ పొయ్యికి ప్రత్యేకమైన గిన్నెలు కావాలి. అల్యూమినియం కుక్కరు, ఇత్తడి గిన్నె, రాగి చెంబు, మట్టికుండ దీని మీద వేడెక్కవు. ఇనుప పెనం, అడుగున ఇనుప పొర అమర్చిన స్టీలు గిన్నెలు పనిచేస్తాయి. గిన్నె అడుగున అయస్కాంతం గట్టిగా అతుక్కుంటే ఆ గిన్నె ఇండక్షన్ పొయ్యికి పనికివస్తుంది. అడుగు గుండ్రంగా ఉన్న మూకుడు దీని మీద నిలవదు. వంకాయను నిప్పు మీద కాల్చి పచ్చడి చేయాలన్నా, పుల్కాను మంట మీద పొంగించాలన్నా దీనితో సాధ్యం కాదు. 2000 వాట్ల పొయ్యి దాదాపు 9 ఆంపియర్ల విద్యుత్తును తీసుకుంటుంది. కాబట్టి చిన్న ప్లగ్గులో కాక 16 ఆంపియర్ల ప్లగ్గులోనే దానిని పెట్టాలి. గుండెకు పేస్‌మేకర్ అమర్చుకున్నవారు వైద్యుని సలహా తీసుకొన్న తరవాతే దీనిని వాడాలి.

ఖర్చు లెక్క

గ్యాస్ చౌకా, కరెంటు చౌకా అన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేదు. కాని ఎవరి లెక్కను వారు వేసుకోవచ్చు. ఒక కిలో వంటగ్యాస్ పూర్తిగా మండితే ఇంచుమించు 12.7 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన వేడి వెలువడుతుంది. ఇంటి సిలిండర్‌లో ఉండే గ్యాస్ 14.2 కిలోలు. అంటే మొత్తం వేడి సుమారు 180 యూనిట్లు. పొయ్యి ఉష్ణదక్షత 68 శాతం అయితే గిన్నెకు చేరేది దాదాపు 123 యూనిట్లు. అంతే వేడిని 85 శాతం ఉష్ణదక్షత గల ఇండక్షన్ పొయ్యి అందించాలంటే సుమారు 145 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. ఇంట్లో యూనిట్‌కు చెల్లించే ధరను 145తో గుణించి, సిలిండర్ ధరతో పోల్చి చూస్తే జవాబు దొరుకుతుంది. నెలవాడకం పెరిగిన కొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది. కాబట్టి వంట వల్ల అదనంగా వాడే యూనిట్లు ఏ ధర కిందికి వస్తాయో బిల్లులో చూసుకోవాలి. చిన్న గిన్నె కింద పెద్ద మంట పెట్టే ఇంట్లో గ్యాస్ దక్షత 68 శాతం కంటే చాలా తగ్గిపోతుందన్నది కూడా మరువరాదు.

ఎన్నుకొనే విధానం

పొయ్యిని కొనే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. వండేది ఎవరు? రోజూ వండేది ఏమిటి? ఆ ఇంటికి ఏ ఇంధనం నిలకడగా అందుతుంది? ప్రమాదం జరిగితే తప్పించుకొనే వీలు ఎంత? ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులు ఇంటింటికీ వేరుగా ఉంటాయి.

పల్లెలో ఒంటరిగా ఉంటున్న ఒక వృద్ధురాలిని తలచుకుందాం. నిండు సిలిండర్‌ను ఆమె కదపలేదు. ఆమె వంట గుప్పెడు బియ్యం, కాసిన్ని పాలు. కరెంటు నిలకడగా ఉన్న ఊరైతే ఇండక్షన్ పొయ్యి ఆమెకు మేలు. మీటలపై అంకెలు చదవలేకపోతే అదే పొయ్యి ఆమెకు భారం. అప్పుడు ఐదు కిలోల చిన్న సిలిండర్, ఒకే బర్నర్ గల గ్యాస్ పొయ్యి మంచివి. ఏడెనిమిది మంది ఉన్న ఉమ్మడి కుటుంబంలో అన్నం, పప్పు, కూర, చారు ఒకేసారి ఉడకాలి. జొన్నరొట్టెలు కాల్చాలి. పండుగనాడు పెద్ద మూకుట్లో బూరెలు వేయాలి. ఆ ఇంటికి ఎడంగా అమర్చిన మూడు బర్నర్ల గ్యాస్ పొయ్యి ప్రధానంగా ఉండాలి. పాలకూ, కాఫీకీ తోడుగా ఒక ఇండక్షన్ పొయ్యి ఉంటే సిలిండర్ మరికొన్ని రోజులు వస్తుంది. చిన్న గదిలో ఉండి చదువుకొనే విద్యార్థికి గ్యాస్ సిలిండర్ ప్రమాదకరం. ఇంటి యజమాని అనుమతి, సరైన ప్లగ్గు ఉంటే విద్యుత్ పొయ్యే అతనికి తగినది.

భద్రత – పొదుపు

ఎంత మంచి పొయ్యి అయినా వాడుకలో అజాగ్రత్త వహిస్తే ముప్పు తెస్తుంది. సిలిండర్ పైభాగంలో ఒక అక్షరం, రెండు అంకెలు ముద్రించి ఉంటాయి. అవి సిలిండర్‌కు తిరిగి పరీక్ష జరపవలసిన గడువును తెలుపుతాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జూలై నుంచి సెప్టెంబర్, డి అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్. అంకెలు సంవత్సరానికి గుర్తు. గడువు దాటిన సిలిండర్‌ను తీసుకోరాదు. గ్యాస్ గొట్టాన్ని పగుళ్లు రాకముందే, గడువు ప్రకారం మార్చాలి. రాత్రి పడుకొనే ముందు రెగ్యులేటర్ కట్టివేయాలి. గ్యాస్ వాసన వచ్చినప్పుడు ఏ స్విచ్చినీ వేయరాదు, ఆపరాదు. స్విచ్చిలో పుట్టే చిన్న మెరుపే పేలుడుకు చాలు. రెగ్యులేటర్ కట్టి, తలుపులు కిటికీలు తెరిచి, అందరూ బయటికి వచ్చిన తరవాత 1906 నంబరుకు ఫోను చేయాలి.

పొదుపు కూడా శాస్త్రజ్ఞానంతోనే సాధ్యం. ఎసరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. మరిగిన తరవాత మంట ఎంత పెంచినా నీటి వేడి పెరగదు, ఆవిరి మాత్రమే పెరుగుతుంది. కాబట్టి ఎసరు కాగాక మంట తగ్గించి, మూత పెడితే అన్నం అంతే వేగంగా ఉడుకుతుంది. ప్రెషర్ కుక్కరులో పీడనం పెరగడం వల్ల నీరు సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అందుకే పప్పు అందులో త్వరగా మెత్తబడుతుంది. శనగలూ, రాజ్మా ముందురోజు నానబెడితే మరికొంత ఇంధనం మిగులుతుంది.

మూడు రాళ్ల పొయ్యి నుంచి అద్దపు పలక పొయ్యి వరకు జరిగిన ప్రయాణంలో నిప్పు మరుగున పడింది, పొగ తగ్గింది, వేగం పెరిగింది. పొయ్యి ముందు నిలబడే మనిషి మాత్రం చాలా ఇళ్లలో మారలేదు. ఆ మనిషి ఊపిరికీ, ఒంటికీ, సమయానికీ విలువ ఇచ్చే ఇంట్లో ఏ పొయ్యి కొనాలన్న ప్రశ్నకు జవాబు కష్టం కాదు. ముందుగా ఆమెను అడుగుతారు. వంట ఆమె ఒక్కరి పని కాదని గుర్తించి, ఇంట్లోని మిగిలినవారు కూడా ఆ పొయ్యి ముందు నిలబడిననాడు, ఏ పొయ్యి మంచిదో వారికి మరింత బాగా తెలుస్తుంది.

కఠిన పదాలు – అర్థాలు

కలిమిలేములు = సంపద, పేదరికం
ధ్వని = మాటలో సూచనగా తెలిసే అర్థం
రాచ్చిప్ప = వంటకు వాడే రాతిపాత్ర
దాలి = పిడకల నిప్పుతో పాలు కాచే గుంట
దహనం = మండటం
వికిరణం = వేడి కిరణాల రూపంలో ప్రసరించడం
స్తోమత = ఖర్చును భరించే శక్తి
ఎసరు = అన్నం వండటానికి కాచే నీరు

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. కట్టెల పొయ్యి లోపాలను తెలిపి, వాటిని తొలగించడానికి జరిగిన ప్రయత్నాలను వివరించండి.
2. గ్యాస్ పొయ్యి, ఇండక్షన్ పొయ్యిల మంచిచెడ్డలను పోల్చి రాయండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహరూప సమాధానాలు రాయండి.
1. మెరుగైన పొయ్యిలు కొంతకాలానికే ఎందుకు మూలపడ్డాయి?
2. పొయ్యిని కొనే ముందు వేసుకోవలసిన నాలుగు ప్రశ్నలు ఏవి?
3. గ్యాస్ వాసన వచ్చినప్పుడు ఏమి చేయాలి? ఏమి చేయరాదు?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. “పొయ్యిలో పిల్లి లేవలేదు” అనే మాటకు అర్థం ఏమిటి?
2. దీపం పథకం ఎప్పుడు ప్రారంభమైంది?
3. ఒక గిన్నె ఇండక్షన్ పొయ్యికి పనికివస్తుందని ఎలా తెలుసుకోవచ్చు?

ఈ) ప్రాజెక్టు పని
మీ ఇంట్లో ఒక సిలిండర్ ఎన్ని రోజులు వస్తుందో గమనించండి. కరెంటు బిల్లులోని యూనిట్ ధర చూసి, పాఠంలో చెప్పిన విధంగా ఖర్చులను పోల్చండి. మీ ఇంట్లో వండేవారిని అడిగి, పొయ్యితో వారికి ఉన్న ఇబ్బందులను పది వాక్యాలలో రాయండి.